డిలీట్ కొడితే పోయేది ఏమిటి? కాజీపల్లి కంప్యూటర్లు, మన చిత్తం, కర్మ



మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం గురించి వీడియోలో మాట్లాడుకున్నాం. అందులో చెప్పడానికి టైమ్ చాలని ప్రశ్న ఒకటి మిగిలింది. ఇప్పటి పిల్లలు తరచుగా అడిగేదే. "కంప్యూటర్‌కి ఏది ఇస్తే అదే బయటికి వస్తుంది. మనిషీ అంతే కదా? పుట్టిన ఇల్లు, పెంపకం, చదువు, పూర్వజన్మ వాసనలు, అన్నీ ఇన్‌పుట్లే. ఇన్‌పుట్ నేను ఎంచుకోలేదు. మరి అవుట్‌పుట్‌కి పాపం నాకెందుకు?"

ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. మన దర్శనాలు వేల ఏళ్లుగా దీని చుట్టూ తిరుగుతున్నాయి. జవాబు వెతకడానికి హిమాలయాల దాకా వెళ్లక్కర్లేదు, కాజీపల్లి దాకా వెళ్దాం రండి.

కాజీపల్లిలో ఒక కంప్యూటర్

సంగారెడ్డి జిల్లాలో జిన్నారం వైపు, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడల పక్కన ఉంది కాజీపల్లి. మందులకి కావాల్సిన ముడి రసాయనాలు, అంటే బల్క్ డ్రగ్స్, తయారుచేసే ఫ్యాక్టరీలు అక్కడ చాలా ఉన్నాయి. కంప్యూటర్ అనగానే మనకి హైటెక్ సిటీలో ల్యాప్‌టాప్ గుర్తొస్తుంది. కాజీపల్లిలో కంప్యూటర్ అంటే గోడకి బిగించిన ఇనప పెట్టె. దాన్ని పీఎల్‌సీ అంటారు. దానికి కీబోర్డు ఉండదు, పాటలు రావు. కానీ ఇన్‌పుట్, ప్రాసెసింగ్, అవుట్‌పుట్, స్టోరేజ్ అన్న నాలుగు మాటలు అర్థం కావాలంటే దానికన్నా మంచి గురువు లేదు.

రియాక్టర్‌లో బ్యాచ్ నడుస్తోంది అనుకోండి. లోపల వేడి ఎంతుందో ఒక సెన్సార్ చూసి తీగ మీద కరెంటుగా పంపిస్తుంది. ఇది ఇన్‌పుట్. పెట్టెలో ముందే రాసిపెట్టిన నియమం ఒకటి ఉంటుంది. వేడి ఇంత దాటితే చల్లనీళ్ల వాల్వ్ తెరవాలి. వచ్చిన అంకెని ఆ నియమంతో పోల్చి చూడడం ప్రాసెసింగ్. వాల్వ్ తెరుచుకోవడం అవుట్‌పుట్. ఏ నిమిషానికి ఎంత వేడి ఉంది, వాల్వ్ ఎప్పుడు తెరుచుకుంది అని రాసిపెట్టుకోవడం స్టోరేజ్. నియమం కూడా స్టోరేజ్‌లోనే ఉంటుంది. ఈ పెట్టె ఇన్‌పుట్లు చదువుతుంది, నియమం నడుపుతుంది, అవుట్‌పుట్లు మారుస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. కొన్ని మిల్లీసెకన్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. పగలు, రాత్రి, పండగ, అమావాస్య, దానికి అన్నీ ఒకటే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సెన్సార్ పంపే కరెంటు సాధారణంగా 4 నుంచి 20 మిల్లీయాంపుల మధ్య ఉంటుంది. కొలతలో సున్నా ఉంటే సున్నా కరెంటు పంపించొచ్చు కదా, 4 ఎందుకు? తీగ తెగిపోయినా సున్నాయే వస్తుంది కాబట్టి. "ఏమీ లేదు" అనే సమాచారానికి, "నాకేమీ తెలియడం లేదు" అనే స్థితికి తేడా తెలియాలి కదా. అందుకే ఖాళీని కూడా 4 మిల్లీయాంపుల ప్రాణంతో పంపిస్తారు. ధ్యానంలో నిశ్చలమైన మనసుకి, బాధ చూసి చూసి మొద్దుబారిన మనసుకి ఉన్న తేడా ఇదే. రెండూ పైకి ప్రశాంతంగానే కనిపిస్తాయి. రెండోదాంట్లో తీగ తెగిపోయింది, అంతే.

ఈ కంప్యూటర్ల కథలో మన ఊరికీ వాటా ఉంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీదే ఇవాళ ఏ.ఎస్.రావు నగర్ ఉంది. ట్రాంబేలో రూపకల్పన చేసిన టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో ఇక్కడి నుంచే వచ్చింది. అప్పటి యంత్రాలు గది నిండా ఉండేవి. ఇప్పుడు జేబులో పడుతున్నాయి. నాలుగు పనులు మాత్రం మారలేదు.

మన లోపలి పెట్టె

ఇప్పుడు మన శాస్త్రం వైపు చూడండి. జ్ఞానేంద్రియాలు అయిదు: కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం. ఇవి ఇన్‌పుట్. కర్మేంద్రియాలు అయిదు: మాట, చేయి, కాలు, విసర్జన, సంతానం. ఇవి అవుట్‌పుట్. మధ్యలో అంతఃకరణం. వేదాంతులు దాన్ని నాలుగుగా చెప్పారు. "ఇదా, అదా" అని ఊగేది మనసు. "ఇదే" అని తేల్చేది బుద్ధి. జరిగినదంతా దాచుకునేది చిత్తం. "ఇది నాది, నేను చేశాను" అని ముద్ర వేసేది అహంకారం.

మనసు, బుద్ధి కలిపి ప్రాసెసింగ్, చిత్తం స్టోరేజ్ అని తెలుస్తూనే ఉంది. మరి అహంకారం? దానికీ పోలిక ఉంది. లాగిన్ ఐడీ. ఏ పని ఎవరి పేరు మీద జరిగిందో చెప్పే చీటీ అది. ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లకి తెలుసు, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వడం ఎంత పెద్ద తప్పో. పని ఎవరిదో తెలియకపోతే రికార్డుకి విలువే లేదు.

స్టోరేజ్ దగ్గర ఇంకాస్త ఆగుదాం. కంప్యూటర్‌లో జ్ఞాపకం రెండు రకాలు. ఒకటి ర్యామ్. పని జరిగేటప్పుడు చేతికి అందేలా పెట్టుకునేది. కరెంటు పోతే ఖాళీ. రెండోది డిస్క్. కరెంటు పోయినా నిలిచేది. ర్యామ్‌లో ప్రతి గడీ చిన్న కుండ లాంటిది, అందులో పోసిన విద్యుత్తు కారిపోతూ ఉంటుంది. అందుకని సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి దాన్ని చదివి మళ్లీ నింపాలి. లేకపోతే ఉన్నది మర్చిపోతుంది. రోజూ సంధ్య ఎందుకు, రోజూ జపం ఎందుకు, నిన్న చేశాం కదా అని అడిగేవాళ్లకి నేను ఈ మాటే చెప్తాను. మంచి సంకల్పం ర్యామ్ లాంటిది. నింపుతూ ఉండకపోతే కారిపోతుంది. ఏళ్ల తరబడి చేస్తే అది డిస్క్‌లోకి దిగుతుంది. దాన్నే సంస్కారం అన్నారు.

భగవద్గీత రెండో అధ్యాయంలో పతనం ఎలా జరుగుతుందో మెట్లు మెట్లుగా చెప్తాడు కృష్ణుడు. విషయాల్ని పదే పదే తలచుకోవడంతో మొదలై, సంగం, కోరిక, కోపం, మోహం వరకు వస్తుంది. ఆ తర్వాత స్మృతి చెడుతుంది. స్మృతి చెడ్డాక బుద్ధి పోతుంది. వరస గమనించారా? ముందు స్టోరేజ్ పాడవుతుంది, తర్వాతే ప్రాసెసింగ్ కూలుతుంది. తెలివిగల మనిషి ఘోరమైన పని చేసినప్పుడు "అంత చదువుకున్నవాడు ఎలా చేశాడు?" అంటాం. ప్రాసెసర్ బాగానే ఉంది. తను ఎవరో, ఎందుకు ఈ పనిలోకి వచ్చాడో గుర్తుపెట్టుకునే చోటు చెడిపోయింది.

పోలిక ఎక్కడ ఆగుతుంది

ఇంతవరకు పోలిక హాయిగా నడిచింది. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. మనం పెట్టె లాంటివాళ్లమే అయితే, పాపం ఎవరికి?

కంప్యూటర్ అనే ఊహకి మొదటి రూపం ఇచ్చినవాళ్లలో చార్లెస్ బాబేజ్ ఒకడు. 1864లో వచ్చిన తన ఆత్మకథలో ఆయన ఒక సంగతి రాశాడు. యంత్రంలో తప్పు అంకెలు వేస్తే ఒప్పు జవాబు వస్తుందా అని పార్లమెంటు సభ్యులు తనని అడిగారట. ఎలాంటి గందరగోళంలో ఉంటే అలాంటి ప్రశ్న వస్తుందో తనకి అంతుపట్టలేదన్నాడు. నిజమే, వేపవిత్తు వేసి మామిడిపండు కోరితే ఎలా? యంత్రానికి ఆ పని రాదు.

కానీ మనిషి దగ్గర అలాంటివి జరిగాయి. హిరణ్యకశిపుడి ఇంట్లో ప్రహ్లాదుడు పుట్టాడు. రోజూ విన్న మాటలు, గురువులు చెప్పిన పాఠాలు, కళ్లముందు కనిపించిన బతుకు, అన్నీ ఒక వైపే. "అయినా నారదుడి బోధ గర్భంలోనే విన్నాడు కదా, అదీ ఇన్‌పుటే" అంటారు మీరు. ఒప్పుకుంటాను. కానీ రెండు ఇన్‌పుట్లు ఎదురుపడినప్పుడు, ఒకటి చిన్నది, ఇంకొకటి కొండంత, చిన్నదాన్ని పట్టుకున్నది ఎవరు? పీఎల్‌సీ అయితే రాసిపెట్టిన నియమం ప్రకారం పోతుంది. ప్రహ్లాదుడు ఎంచుకున్నాడు.

1945లో జాన్ వాన్ నాయ్‌మన్ పేరు మీద వచ్చిన ఒక నివేదిక కంప్యూటర్ చరిత్రని మలుపు తిప్పింది. నియమాల్ని కూడా సమాచారంతో పాటు ఒకే జ్ఞాపకంలో దాచాలన్నది అందులోని ముఖ్యమైన ఆలోచన. అప్పటి నుంచి నియమాన్ని మార్చడానికి తీగలు పీకి మళ్లీ కలపక్కర్లేదు, తిరగరాస్తే చాలు. సాధన అంటే కూడా ఇదే. వాసన అనే నియమం చిత్తంలోనే ఉంది, తిరగరాయొచ్చు. అయితే, తిరగరాసేది ఎవరు? యంత్రం విషయంలో ప్రోగ్రామర్ బయట ఉంటాడు. మనలో? మనసూ, బుద్ధీ కూడా జడమే, వాటిని వెలిగించేది వేరే ఉంది అన్నాయి సాంఖ్యం, వేదాంతం. కఠోపనిషత్తులో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. రథంలో కూర్చున్నవాడు వేరు.

"ఇప్పుడు ఏఐ తన నియమాలు తనే నేర్చుకుంటోంది కదా" అని అడుగుతారు. నేర్చుకుంటోంది. కోట్ల ఉదాహరణలు చూసి లోపలి అంకెల్ని సర్దుకుంటోంది. అయినా అది తప్పు చెప్పి ఒక రోగికి ప్రమాదం జరిగితే మనం నిలదీసేది దాన్ని తయారుచేసినవాళ్లని, వాడినవాళ్లని. "అయ్యో, నేనెందుకు ఇలా చేశాను" అన్న మాట దానికి రాయడం వస్తుంది. ఆ మాట వల్ల రాత్రి నిద్ర పట్టకపోవడం మాత్రం మనకే వస్తుంది. ఆ నిద్ర పట్టని రాత్రే మనం పెట్టె కాదనడానికి సాక్ష్యం.

గీత చివర్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 18 అధ్యాయాల బోధ. అంతకన్నా గొప్ప ఇన్‌పుట్ ఎవరికి దొరుకుతుంది? అంతా చెప్పి కృష్ణుడు, దీన్ని పూర్తిగా ఆలోచించుకుని, నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అంటాడు అర్జునుడితో. ఎంటర్ తను నొక్కలేదు. సాక్షాత్తు భగవంతుడే అర్జునుడి ప్రాసెసింగ్‌ని అర్జునుడికే వదిలేశాడు. మరి "నాకు చాయిస్ లేదు" అనడానికి మనకి ఎక్కడుంది వీలు?

డిలీట్

ఇప్పుడు మళ్లీ కాజీపల్లి. ఇది ఊహించిన సన్నివేశం, ఏ ఒక్క కంపెనీదీ కాదు. కానీ ఆ బెల్టులో పనిచేసేవాళ్లకి కొత్తగా అనిపించదు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి క్యూసీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. హెచ్‌పీఎల్‌సీ మీద ఒక బ్యాచ్ శాంపిల్ పెట్టింది. మలినం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వచ్చింది. సీనియర్ వచ్చి చూశాడు.

"అది ట్రయల్ ఇంజెక్షన్ అని పెట్టేసి ఇంకొకటి వెయ్యమ్మా."

"సార్, ఇది అసలు శాంపిలే కదా."

"తెలుసమ్మా. రేపు డిస్పాచ్ ఉంది. ఒక్కటి తీసేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఎవరికి తెలుస్తుంది? ముందు కంప్యూటర్‌నే అడుగుదాం. మామూలు డిస్క్ మీద ఫైల్ డిలీట్ చేస్తే ఏం జరుగుతుందో తెలుసా? సమాచారం ఎక్కడిది అక్కడే ఉంటుంది. "ఈ చోటు ఖాళీ, కావాలంటే వాడుకోవచ్చు" అని సూచికలో రాసుకుంటుంది, అంతే. దాని మీద ఇంకొకటి రాసేవరకు పాతది వెనక్కి తీయొచ్చు. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేస్తే అధ్యాయం మాయమైపోదు కదా. కొత్త ఎస్ఎస్‌డీలు నిజంగానే చెరిపేస్తాయి, అది వేరే సంగతి. అందుకే ఫార్మా ల్యాబుల్లో ఆడిట్ ట్రయల్ పెట్టారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఏం చెరిపారు, ఎందుకు అని సాఫ్ట్‌వేర్ తనంతట తనే రాసుకునే చిట్టా. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే నియమం ఎలక్ట్రానిక్ రికార్డులకి దీన్ని తప్పనిసరి చేసింది. అంటే డిలీట్ కొట్టడం కూడా ఒక ఇన్‌పుటే. అదీ రికార్డవుతుంది.

చిత్రగుప్తుడు గుర్తొచ్చాడా? మన హైదరాబాద్ పాతబస్తీలో కందికల్ గేట్ దగ్గర ఆయనకి గుడి కూడా ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ "పైన ఒకాయన రాసుకుంటున్నాడు" అంటే భయపడ్డాం, పెద్దయ్యాక నవ్వుకున్నాం. కానీ ఆయన లెడ్జర్ ఆకాశంలోనే ఉండక్కర్లేదు. ఆ అమ్మాయి ఇంజెక్షన్ చెరిపేస్తే మొదటి రికార్డు ఆమె చిత్తంలో పడుతుంది. రెండోసారి అదే పని ఇంకొంచెం సులువవుతుంది. పదోసారి అది ఆ ల్యాబ్ పద్ధతి. సంస్కారం అంటే ఇదే, మంచిదైనా చెడ్డదైనా. ఇక ఆ మాత్ర ఎక్కడో ఏదో ఊళ్లో ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే వేసుకునే బీపీ మాత్ర కావచ్చు. ఆయన శరీరానికి ఆడిట్ ట్రయల్‌తో పనిలేదు. అందులో ఏముందో దాన్నే అది చదువుకుంటుంది.

చెరువు అనే స్టోరేజ్

కాజీపల్లిలో ఇంకో స్టోరేజ్ ఉంది. చెరువు.

ఫ్యాక్టరీ లెక్కలో వ్యర్థజలం అవుట్‌పుట్. బయటికి పోయింది, పని అయిపోయింది. కానీ నేలకి అదే ఇన్‌పుట్. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. అది శుద్ధి అయ్యాక వచ్చిన నీరు. 2014లో లార్సన్ కూడా ఉన్న ఇంకో బృందం కాజీపల్లి చెరువు అడుగు మట్టిలోని బాక్టీరియా జన్యువుల్ని చదివింది. మందులకి లొంగకుండా చేసే జన్యువులు 81 రకాలు దొరికాయి. పోలిక కోసం తీసుకున్న స్వీడన్ చెరువులో ఎనిమిదే. మొత్తం మీద లెక్క చూస్తే అక్కడికన్నా ఇక్కడ సుమారు 7000 రెట్లు ఎక్కువ.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. ఎవరు ఏ రాత్రి ఏ వాల్వ్ తెరిచారో కాగితం మీద లేకపోవచ్చు. చెరువు రాసుకుంది. దాని లిపి డీఎన్ఏ. బాక్టీరియాలు ఆ పాఠాన్ని ఒకదాని నుంచి ఇంకోదానికి కాపీ చేసి ఇచ్చుకోగలవు కూడా. రేపు ఎవరి పిల్లాడికో జ్వరం వచ్చి మందు పనిచేయకపోతే, ఆ పిల్లాడు ఏ ఇన్‌పుట్ ఇచ్చాడని? చేసుకున్నవారికి చేసుకున్నంత మహాదేవా అంటాం. ఇక్కడ చేసినవారు ఒకరు, అనుభవించేవారు ఇంకొకరు. అందుకే ఇలాంటి చోట కర్మ సిద్ధాంతాన్ని "వాళ్ల ఖర్మ" అని బాధితుడి మీదికి తోసేయడానికి వాడకూడదు. అది చేసేవాడి చేతిని ఆపడానికి పుట్టిన సిద్ధాంతం. దెబ్బ తిన్నవాడి నోరు మూయించడానికి కాదు.

ఈ రికార్డుని చదివి వినిపించినవాళ్లూ ఉన్నారు. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు తన దగ్గరికి వచ్చే రోగుల్ని చూసి, ఆ జబ్బుల వెనక ఉన్న నీటిని పట్టుకుని, దశాబ్దాల పాటు పోరాడారు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు వ్యర్థాల్ని ఆన్‌లైన్‌లో నిరంతరం కొలవాలని ఆదేశించింది. ఇప్పుడు ఈటీపీ దగ్గర కూడా సెన్సార్ ఉంది, పెట్టె ఉంది, రికార్డు ఉంది. అయినా పీహెచ్ సెన్సార్ మీద జిడ్డు పేరుకుంటే అది అబద్ధం చెప్తుంది. దాన్ని కడిగి, విలువ ముందే తెలిసిన ద్రావణంలో ముంచి, సరిచూడాలి. ఆ పని చేసేది మనిషే. నిజం చెప్పాలన్న కోరిక మాత్రం ఏ సెన్సార్‌కీ ఉండదు.

ఎవరికి ఎంత

"సరే, పాపం అందరికీ సమానమేనా? వాల్వ్ తిప్పిన హెల్పర్‌కీ, తిప్పమన్న మేనేజర్‌కీ?"

మహాభారతంలో మాండవ్యుడి కథ ఉంది. చేయని దొంగతనానికి ఆయన్ని కొరత వేశారు. ఎందుకీ శిక్ష అని యముణ్ణి అడిగితే, చిన్నప్పుడు నువ్వు పురుగుల్ని పుల్లతో గుచ్చావు అన్నాడు. రికార్డు తప్పు కాదు, నిజంగానే గుచ్చాడు. కానీ మాండవ్యుడు ఒప్పుకోలేదు. ఏది ధర్మమో తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని యముణ్ణే శపించాడు. ఆ శాపంతోనే యముడు విదురుడిగా పుట్టాడు. పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కిందికి రాదని మాండవ్యుడు హద్దు కూడా పెట్టాడు. చూశారా, చిట్టా ఎంత కచ్చితంగా ఉన్నా అదొక్కటే న్యాయం కాదు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా, కాదనే స్థితి ఉందా అని చూడాలి. ఎంత తెలిస్తే అంత బాధ్యత. పొట్టకూటి కోసం బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి, ఆ పైపు ఎటు పోతుందో తెలియని కుర్రాడిది ఒక వాటా. లోపల ఏముందో, బయట ఏ చెరువుందో, ఏ బావి ఉందో తెలిసి సంతకం పెట్టినవాడిది ఇంకో వాటా.

మధ్యలో ఉన్నవాళ్లం మనం. ఈఎంఐ ఉంది, ఇంట్లో చెల్లి చదువు ఉంది, ఉద్యోగం పోతే కష్టం. ఇది చిన్న విషయం అని నేను అనను. వాల్మీకి గురించి జనం చెప్పుకునే కథలో, దోపిడీ చేసి పోషించే బోయవాడు ఇంటికెళ్లి అడుగుతాడు, ఈ పాపంలో వాటా తీసుకుంటారా అని. తిండిలో వాటా కావాలి, పాపంలో వద్దు అంటారు ఇంట్లోవాళ్లు. కథని సాధారణంగా "చూశావా, ఎవరూ నీవాళ్లు కారు" అని చెప్తారు. నాకు ఇంకోలా అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు దోపిడీ చెయ్యమని అడగనేలేదు. వాళ్ల పేరు చెప్పి అతను తనకి తాను ఇచ్చుకున్న ఇన్‌పుట్ అది. మనం కూడా ఒకసారి ఇంటికెళ్లి అడిగితే, అమ్మ "ఆ పని చెయ్యకురా, తక్కువ తిందాం" అనొచ్చేమో. ఎంతమందిమి అడిగాం?

కొట్టివేత, వైట్‌నర్ కాదు

చివరిగా, అప్పటికే తప్పు చేసినవాడి సంగతి. రికార్డు చెరగదు అంటే దారి లేదనా?

ఫార్మా కంపెనీలో బ్యాచ్ రికార్డు రాసేవాళ్లకి మొదటి రోజే ఒక సంగతి నేర్పిస్తారు. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు మీద ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద రాసింది కనిపించేలా. పక్కన సరైనది రాయాలి. సంతకం, తేదీ, కారణం వెయ్యాలి.

ప్రాయశ్చిత్తానికి ఇంతకన్నా మంచి వివరణ నేను ఎక్కడా చూడలేదు. హుండీలో డబ్బు వేసి, గంగలో మునిగి, "అంతా పోయింది" అనుకోవడం వైట్‌నర్ పూయడమే. చేసింది కనిపించేలా ఒప్పుకుని, సరైనది పక్కన చేసి, నేనే చేశానని సంతకం పెట్టడం ప్రాయశ్చిత్తం. పాత గీత అలాగే ఉంటుంది. ఉండాలి కూడా. అది ఉంటేనే స్మృతి చెడదు. స్మృతి చెడకపోతేనే బుద్ధి నిలుస్తుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. ఇన్‌పుట్ అంతా నీ చేతిలో లేదు, నిజం. స్టోరేజ్‌లో ముందే చాలా ఉంది, అదీ నిజం. కానీ ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య పీఎల్‌సీకి లేనిది ఒకటి నీకుంది. ఆగడం. "ఇది సరేనా?" అని అడగడం. బాధ్యత అంతా ఆ ఒక్క క్షణంలో ఉంది.

ఈ వారం మూడు పనులు చేసి చూడండి. రోజూ రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు ఆ రోజు చూసినవి, విన్నవి తలచుకోండి. ఏది చిత్తంలో మిగిలిందో తెలుస్తుంది. కోపంలో మెసేజ్ పంపేముందు పది శ్వాసలు ఆగండి. ఆఫీసులోనో ఇంట్లోనో చెరిపేసిన తప్పు ఏదైనా ఉంటే, దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టండి. మూడోది కష్టం. అందుకే దాన్ని చివర్లో చెప్పాను.

2020లో అదే కాజీపల్లిలో 1650 ఎకరాల రిజర్వ్ ఫారెస్ట్‌ని నటుడు ప్రభాస్ దత్తత తీసుకున్నాడు. ఒకే ఊరు. ఒక పక్క చెరువు, ఒక పక్క అడవి. నేల రెండింటినీ రాసుకుంటుంది. వచ్చే తరం చదివేది ఆ రెండు రికార్డుల్నీ.

శుభం భూయాత్.